మాంట్ బ్లాంక్: ఒక పాత సరుకు ఓడ, అది మోసిన నింద

1917 డిసెంబర్ 6 ఉదయం కెనడాలోని హాలిఫాక్స్ రేవులో రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఆ దెబ్బకు ఎవరూ చనిపోలేదు. రెండిట్లో ఏదీ మునగలేదు. రద్దీగా ఉండే రేవుల్లో అప్పుడప్పుడూ జరిగే ప్రమాదమే అది. మామూలు రోజుల్లో అయితే ఇన్సూరెన్స్ కంపెనీల మధ్య ఉత్తరాలతో ముగిసిపోయేది. కానీ ఇరవై నిమిషాలు గడిచేసరికి ఆ రెండిట్లో చిన్నదైన మాంట్ బ్లాంక్ అనే ఫ్రెంచి సరుకు ఓడ లేకుండా పోయింది. దాంతోపాటు నగరంలో రిచ్‌మండ్ అనే పేట మొత్తం పోయింది. దాదాపు 2,000 మంది చనిపోయారు, 9,000 మంది గాయపడ్డారు. అణుబాంబు రాకముందు మనుషుల వల్ల జరిగిన పేలుళ్ళలో అతి పెద్దదిగా ఇప్పటికీ దీన్నే చెబుతారు.

ఈ కథను సాధారణంగా ఆ ఉదయం ఎనిమిదిన్నరకు మొదలుపెడతారు. ఎవరు ఎటు తిప్పారు, ఎవరు ఎన్ని కూతలు వేశారు, తప్పు ఎవరిది అన్న చుట్టూ తిప్పి ముగిస్తారు. విచారణ జరిపిన న్యాయమూర్తి చేసిందీ అదే. అయితే గుద్దుకోవడం ఒక ప్రశ్న, నగరం నేలమట్టం కావడం వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు ఆ ఉదయం నీళ్ళ మీద దొరుకుతుంది. రెండోదానికి దొరకదు. ఆ జవాబు కోసం ఓడ ఎక్కడ పుట్టింది, ఏ పనికి కట్టారు, చివరికి ఏ పనిలో పెట్టారు అన్నది చూడాలి.

మాంట్ బ్లాంక్‌ను ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బరోలో సర్ రేల్టన్ డిక్సన్ కంపెనీ 1899లో కట్టింది. కట్టించుకున్నది మార్సెయ్ నగరానికి చెందిన ఫ్రెంచి షిప్పింగ్ కంపెనీ. పొడవు 320 అడుగులు, అంటే 97 మీటర్లకు కొంచెం ఎక్కువ. 3,121 టన్నుల ఓడ అని రికార్డుల్లో ఉంటుంది. ఆ టన్నులు బరువు కావు. ఓడ లోపలి ఖాళీని 100 ఘనపుటడుగులకు ఒక టన్ను చొప్పున కొలిచిన లెక్క అది. బొగ్గుతో నడిచే ఆవిరి యంత్రం, ఒకే ప్రొపెల్లర్. ఖనిజం, ధాన్యం లాంటి మోటు సరుకును ఒక రేవు నుంచి ఇంకో రేవుకు మోసుకెళ్ళడమే దాని పని. ఆ కాలంలో అలాంటి ఓడలు వందల సంఖ్యలో ఉండేవి. టైం టేబుల్ ఉండదు, ప్రయాణికులు ఉండరు, ఎక్కడ సరుకు దొరికితే అక్కడికి పోవడమే. యజమానులు మారారు. 1915 నాటికి అది ఫ్రాన్సులో పెద్ద పేరున్న కంపనీ జనరాల్ ట్రాన్సట్లాంటిక్ చేతికి వచ్చింది.

అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలై ఏడాది దాటింది. జర్మన్ జలాంతర్గాములు సరుకు ఓడలను వరసగా ముంచుతున్నాయి. 1917 ఫిబ్రవరిలో జర్మనీ ఎలాంటి హెచ్చరికా లేకుండా ఏ ఓడనైనా ముంచుతామని ప్రకటించాక పరిస్థితి మరీ దిగజారింది. మంచి ఓడలు పోతున్నకొద్దీ పాత ఓడల విలువ పెరిగింది. తేలగలిగే ప్రతిదాన్నీ పనిలోకి దించారు. మాంట్ బ్లాంక్‌కు ముందు ఒక ఫిరంగి, వెనక ఒక ఫిరంగి బిగించి అట్లాంటిక్ మీదికి పంపారు. పద్దెనిమిదేళ్ళ ఓడ, నిదానంగా నడిచే ఓడ. శాంతికాలంలో అయితే పేలుడు పదార్థాలు ఎక్కించడానికి ఎవరూ ఏరికోరి దాన్ని ఎంచుకునేవారు కాదు.

1917 నవంబర్ చివర్లో న్యూయార్క్ దగ్గర గ్రేవ్స్‌ఎండ్ బేలో దానికి సరుకు ఎక్కించారు. అన్నిటికంటే ఎక్కువ ఉన్నది పిక్రిక్ ఆమ్లం, తడిదీ పొడిదీ కలిపి దాదాపు 2,300 టన్నులు. దాని తర్వాత టీఎన్‌టీ 200 టన్నుల పైన. వాటికి తోడు గన్‌కాటన్ అనే ఇంకో పేలుడు పదార్థం. అన్నీ ఎక్కాక ఇనప డ్రమ్ముల్లో బెంజాల్ తెచ్చి డెక్ మీద వరసలు వరసలుగా పేర్చి కట్టారు. బెంజాల్ అంటే పెట్రోలు లాంటి ఇంధనం, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. మొత్తం బరువు మీద రకరకాల లెక్కలు ఉన్నాయి. ఏ లెక్క తీసుకున్నా ఓడ లోపల ఉన్నదంతా పేలేది, పైన ఉన్నదంతా మండేది.

పిక్రిక్ ఆమ్లం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మొదట్లో దీన్ని పట్టుకు పసుపు రంగు అద్దడానికి వాడేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి అది ఫిరంగి గుండ్లలో నింపే ప్రధాన పేలుడు పదార్థంగా మారింది. దానికి ఉన్న చెడ్డ గుణం ఏమిటంటే ఇనుము, సీసం లాంటి లోహాలకు తగిలితే వాటితో కలిసి పిక్రేట్లు అనే లవణాలుగా మారుతుంది. ఈ లవణాలు అసలు ఆమ్లం కంటే సున్నితమైనవి, రాపిడికీ వేడికీ తొందరగా స్పందిస్తాయి. అందుకే న్యూయార్క్‌లో సరుకు ఎక్కించే ముందు ఓడ గదుల లోపల మొత్తం చెక్క పలకలు కొట్టించారు. ఇనప మేకులు రాపిడికి నిప్పురవ్వ తెస్తాయని రాగి మేకులు వాడారు. పనివాళ్ళ బూట్లకు గుడ్డ చుట్టించారు. లోపల అంత జాగ్రత్త తీసుకున్న మనుషులే, పైన డెక్ మీద బెంజాల్ డ్రమ్ములు పెట్టడానికి ఒప్పుకున్నారు. యుద్ధం చేయించే పనులు ఇలాగే ఉంటాయి. ఒక్కో నిర్ణయం విడిగా చూస్తే దానికో కారణం ఉంటుంది. ఫ్రాన్సుకు ఇంధనం కావాలి, డెక్ మీద ఖాళీ ఉంది, ఎక్కించారు.

కెప్టెన్ పేరు ఎమె ల మెదెక్. డిసెంబర్ 1న ఓడ న్యూయార్క్ వదిలింది. అక్కడి నుంచి నేరుగా సముద్రం దాటే కాన్వాయ్‌లో చేరడానికి దాని వేగం చాలలేదు. యుద్ధనౌకల కాపలాతో కలిసికట్టుగా పోయే ఓడల గుంపు వేగం అందులోని నిదానపు ఓడను బట్టి ఉంటుంది. ఒక్క ముసలి ఓడ కోసం అందరినీ ప్రమాదంలో పెట్టలేరు. హాలిఫాక్స్‌కు వెళ్ళి అక్కడ బయల్దేరే కాన్వాయ్‌లో ప్రయత్నించమన్నారు. అలా ఓడ వేగం తక్కువ కావడం వల్లే అది ఆ రేవుకు చేరింది.

హాలిఫాక్స్ రేవు సహజంగానే గొప్పది. సముద్రం వైపు నుంచి లోపలికి వస్తే మొదట బయటి రేవు, తర్వాత అర కిలోమీటరు అటూ ఇటూగా ఉండే ఇరుకైన దారి, ఆ దారి దాటితే బెడ్‌ఫర్డ్ బేసిన్ అనే విశాలమైన నీటి మడుగు. ఇరుకు దారిని నారోస్ అంటారు. దానికి ఒక ఒడ్డున హాలిఫాక్స్, ఎదుటి ఒడ్డున డార్ట్‌మత్. కాన్వాయ్ ఓడలన్నీ లోపల బేసిన్‌లో గుమిగూడేవి. జలాంతర్గాములు జొరబడకుండా రేవు మొహానికి ఉక్కు వలలు వేసి, సాయంత్రం కాగానే మూసేసేవారు. యుద్ధానికి ముందు పేలుడు సరుకున్న ఓడలను లోపలి రేవులోకి రానిచ్చేవారు కాదు. జలాంతర్గాముల భయంతో ఆ నియమాన్ని సడలించారు. బయట ఉంచితే టార్పెడో తగులుతుంది, లోపలికి తెస్తే నగరం పక్క నుంచి పోవాలి. రెండో దారినే ఎంచుకున్నారు. ఆ సంగతి నగరంలో ఉన్నవాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

డిసెంబర్ 5 సాయంత్రం మాంట్ బ్లాంక్ చేరేసరికి వలలు మూసేశారు. రాత్రంతా బయట మెక్‌నాబ్స్ దీవి దగ్గర లంగరు వేసుకుని ఉండిపోయింది. రేవులో ఓడకు దారి చూపించే పైలట్ ఫ్రాన్సిస్ మాకీ ఓడ మీదే ఉన్నాడు. హాలిఫాక్స్ నీళ్ళలో బాగా అనుభవమున్న మనిషి. సరుకు ఏమిటో తనిఖీ అధికారికి తెలుసు. కాపలా ఓడ గానీ, దారి ఖాళీ చేయించడం గానీ జరగలేదు. పేలుడు సరుకు ఉందని తెలిపే ఎర్ర జెండా ఎగరేయలేదు. ఎగరేస్తే శత్రువుకు గురి చూపించినట్టేనన్న వాదన అప్పట్లో ఉండేది. అది పూర్తిగా తప్పుడు వాదన కాదు కూడా. కానీ జెండా లేకపోతే ఎదురొచ్చే ఓడకు, తీరంలో ఉన్న ఫైర్‌మన్‌కు, కిటికీ దగ్గర నిలబడే పిల్లవాడికి చెప్పడానికి ఇంకో ఏర్పాటు ఉండాలి. అదేమీ లేదు.

రెండో ఓడ పేరు ఇమో. నార్వేది. 430 అడుగుల పొడవు, 5,043 టన్నులు. ఒకప్పుడు వైట్ స్టార్ కంపెనీకి రూనిక్ అనే పేరుతో తిరిగిన ఓడ అది. ఇప్పుడు బెల్జియం ప్రజలకు సాయం పంపే కమిషన్ కింద పనిచేస్తోంది. న్యూయార్క్ వెళ్ళి సాయం సరుకు ఎక్కించుకోవాలి, అందుకే ఖాళీగా ఉంది. నిజానికి అది ముందు రోజు మధ్యాహ్నమే బయల్దేరాలి. బొగ్గు ఆలస్యంగా వచ్చింది, నింపుకునేసరికి వలలు మూసేశారు. కెప్టెన్ హాకన్ ఫ్రోమ్‌కు అప్పటికే ఒక రోజు నష్టం. ఉదయం వలలు తెరవగానే పైలట్ విలియం హేస్‌తో కలిసి రేవు వేగ పరిమితిని మించి బయటికి దూసుకొచ్చాడు.

నీళ్ళ మీద దారి నియమం సులభమే. ఇరుకు దారిలో ఎవరి కుడి పక్క వాళ్ళు ఉండాలి, ఎదురొచ్చే ఓడ ఎడమ పక్కగా దాటిపోవాలి. మన రోడ్డుకు సరిగ్గా తిరగేసిన నియమం. ఇమో మొదట క్లారా అనే అమెరికన్ ఓడకు ఎదురైంది. క్లారా తప్పు పక్కన వస్తోంది. ఇద్దరు పైలట్లూ మాట్లాడుకుని కుడి పక్క కుడి పక్కకు వచ్చేలా దాటుకున్నారు. ఆ తర్వాత స్టెల్లా మారిస్ అనే టగ్ బోటు రెండు బార్జీలను లాక్కుంటూ వస్తుంటే, దానికి చోటివ్వడానికి ఇమో ఇంకొంచెం డార్ట్‌మత్ వైపు జరిగింది. ఈ రెండు చిన్న సర్దుబాట్లతో అది తన పక్కను పూర్తిగా వదిలేసి ఎదుటివాళ్ళ దారిలోకి వచ్చేసింది. సరిగ్గా ఆ దారిలోనే, డార్ట్‌మత్ ఒడ్డుకు దగ్గరగా, నెమ్మదిగా మాంట్ బ్లాంక్ లోపలికి వస్తోంది.

మాకీ దూరం నుంచే ఇమోను చూసి ఒక పొట్టి కూత వేయించాడు. ఒక కూత అంటే నేను నా కుడికి పోతున్నాను అని. ఇమో నుంచి రెండు కూతలు వచ్చాయి. అంటే నేను నా ఎడమకు పోతున్నాను, దారి ఇవ్వను అని. మాకీ ఇంజన్ ఆపించి, ఓడను ఒడ్డుకు ఇంకా దగ్గరగా జరిపి, మళ్ళీ ఒక కూత వేయించాడు. మళ్ళీ రెండు కూతలే జవాబు. ఇంకా కుడికి పోతే నేల తగులుతుంది. లోపల ఉన్న సరుకుతో నేలకు తాకించడం అంటే మాటలు కాదు. చివరి క్షణంలో మాంట్ బ్లాంక్‌ను గట్టిగా ఎడమకు తిప్పారు. ఇప్పుడు రెండు ఓడలూ కుడి పక్కలు ఎదురెదురుగా దాదాపు సమాంతరంగా వచ్చాయి. అలాగే సాగి ఉంటే పక్కపక్కనుంచి దాటిపోయేవి.

సరిగ్గా అప్పుడే ఇమో మూడు కూతలు వేసి ఇంజన్‌ను వెనక్కి తిప్పింది. ఆపడానికే చేశారు. కానీ ఒకే ప్రొపెల్లర్ ఉన్న ఓడ రివర్స్‌లో తిన్నగా వెనక్కి రాదు. ప్రొపెల్లర్ నీటిని ఒక పక్కకు ఎక్కువగా తోస్తుంది. కుడిచేతి వాటం ప్రొపెల్లర్ అయితే ఓడ వెనక భాగం ఎడమకు, ముక్కు కుడికి జరుగుతాయి. ఇమో ఖాళీగా ఉండటంతో నీళ్ళ మీద పైకి తేలి ఉంది, చుక్కాని సరిగా పట్టు చిక్కించుకోలేదు. ముక్కు కుడికి జారి మాంట్ బ్లాంక్ కుడి పక్కన, మొదటి సరుకు గది దగ్గర తగిలింది. అప్పుడు టైం ఉదయం 8:45 ప్రాంతం. దెబ్బ తగిలింది పిక్రిక్ ఆమ్లం ఉన్న గదికి. టీఎన్‌టీకి తగలలేదు. ఆ తాకిడికి ఏదీ పేలలేదు.

ఆ తర్వాత ఇంకో చిన్న సంగతి. ఇమో ఇంజన్ ఇంకా వెనక్కే తిరుగుతోంది. దూరిన ముక్కును బయటికి లాక్కుంది. ఇనుము ఇనుమును గీరుకుని నిప్పురవ్వలు లేచాయి. డెక్ మీద డ్రమ్ములు దొర్లి పగిలి, బెంజాల్ కారి కిందికి దిగుతోంది. క్షణాల్లో మంట లేచి, నల్లటి పొగ కమ్మేసింది. ఫ్రెంచి సిబ్బందికి తాము దేని మీద నిలబడి ఉన్నామో తెలుసు. ఆర్పే ప్రయత్నం చేయడానికి కూడా దారి లేదు, మంట మధ్యలోంచి ముందు భాగానికి వెళ్ళలేరు. రెండు పడవల్లో దిగి డార్ట్‌మత్ ఒడ్డుకు తెడ్లు వేశారు. అరిచి చెప్పడానికి ప్రయత్నించారు గానీ ఆ గోలలో ఎవరికీ అర్థం కాలేదు. ఒక్కరు తప్ప ఓడ సిబ్బంది అంతా బతికారు. ఈ ఒక్క విషయానికే తర్వాత వాళ్ళను హాలిఫాక్స్ క్షమించలేకపోయింది.

మనుషులు లేని ఓడ మండుతూ తేలుకుంటూ ఎదుటి ఒడ్డుకు, హాలిఫాక్స్ వైపు ఓడలు ఆగే ఆరో నంబరు వార్ఫ్ దగ్గరికి చేరింది. అక్కడే రిచ్‌మండ్ పేట, ఫ్యాక్టరీలు, రైల్వే యార్డు, కార్మికుల ఇళ్ళు, పిల్లల బడులు. మంటలో డ్రమ్ములు పేలి గాల్లోకి లేస్తుంటే జనం చూడటానికి వచ్చారు. రాలేనివాళ్ళు ఇంట్లో కిటికీల దగ్గర నిలబడ్డారు. స్టెల్లా మారిస్ బార్జీలను వదిలేసి మంట ఆర్పడానికి వెనక్కి తిరిగింది. యుద్ధనౌకలు హైఫ్లయర్, నయోబీల నుంచి చిన్న పడవల్లో నావికులు వెళ్ళారు. ఓడకు తాడు కట్టి ఒడ్డు నుంచి దూరంగా లాగాలని వాళ్ళ ఆలోచన. ప్యాట్రీషియా అనే ఫైరింజన్ వార్ఫ్ దగ్గరికి చేరి పైపులు విప్పుతోంది. ఎంతమంది ఎంత ధైర్యంగా ఆ ఓడ వైపు వెళ్ళారో చూస్తే గుండె బరువెక్కుతుంది. వాళ్ళకు ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఒక్క జెండా ఉండి ఉంటే, ఇరవై నిమిషాలు చాలా ఎక్కువ సమయం.

ఆ ఇరవై నిమిషాలను సరిగ్గా వాడుకున్నవాళ్ళలో ముందుగా చెప్పాల్సినవాడు విన్స్ కోల్‌మన్. రైల్వే యార్డులో టెలిగ్రాఫ్ మీద రైళ్ళను నడిపించే ఉద్యోగి. ఒక నావికుడు పరుగెత్తుకొచ్చి ఓడలో ఏముందో చెప్పాడు. కోల్‌మన్ బయటికి వెళ్ళి మళ్ళీ ఆఫీసుకు తిరిగొచ్చి, సెయింట్ జాన్ నుంచి వస్తున్న ప్యాసింజర్ రైలును ఆపమని, మందుగుండు ఓడ మండుతోందని, ఇదే తన ఆఖరి కబురు కావచ్చని టెలిగ్రాఫ్ కొట్టాడు. ఆ పేలుడులోనే చనిపోయాడు. ఆ కబురు లైను పొడవునా అందింది, బయటి ప్రపంచానికి సంగతి తెలిసి సాయం కదలడానికి అది ఎంతో పనికొచ్చింది. సమాచారం ఒక్క మనిషికి అందితే ఏం జరుగుతుందో చూపించిన ఒకే ఒక్క సందర్భం ఆ ఉదయం ఇది.

9 గంటల 4 నిమిషాల 35 సెకన్లకు మాంట్ బ్లాంక్ పేలింది. శక్తి సుమారు 2.9 కిలోటన్నుల టీఎన్‌టీకి సమానమని లెక్క కట్టారు. ఇనప ఓడ మొత్తం ముక్కలు ముక్కలై నగరం మీద వర్షంలా కురిసింది. లంగరు కాడ ముక్క ఒకటి, అర టన్ను బరువున్నది, మూడున్నర కిలోమీటర్లకు పైగా ఎగిరి నగరానికి అవతలి పక్కన పడింది. ముందు ఫిరంగి గొట్టం డార్ట్‌మత్ వైపు అయిదు కిలోమీటర్లు దాటి ఒక చెరువు దగ్గర దొరికింది. ఆ రెండూ ఇప్పటికీ ఆ ప్రాంతంలోనే స్మారకాలుగా ఉన్నాయి. ఓడలో చేత్తో తాకగలిగేంతగా మిగిలినవి అలాంటి ముక్కలే. పేలుడు తోసిన నీరు తిరిగి అలగా లేచి, ఆటుపోట్ల గరిష్ఠ మట్టం కంటే 18 మీటర్ల ఎత్తు దాకా హాలిఫాక్స్ ఒడ్డును ముంచింది. ఇమోను ఎత్తి డార్ట్‌మత్ ఒడ్డున పడేసింది. ఫ్రోమ్, హేస్ ఇద్దరూ పోయారు. స్టెల్లా మారిస్‌లో అయిదుగురే మిగిలారు. ప్యాట్రీషియా దగ్గర డ్రైవర్ ఒక్కడే బతికాడు. డార్ట్‌మత్ వైపు టర్టిల్ గ్రోవ్‌లో తరతరాలుగా ఉంటున్న మిక్మాక్ ఆదివాసుల చిన్న ఊరు తుడిచిపెట్టుకుపోయింది. ఎన్నో ఏళ్ళ పాటు ఈ కథ చెప్పిన చాలామంది ఆ ఊరి పేరు కూడా ఎత్తలేదు.

కిటికీల దగ్గర నిలబడినవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. అద్దాలు మొహాల మీదికి పేలాయి. దాదాపు 5,900 కంటి గాయాలు నమోదయ్యాయి. 41 మంది చూపు పూర్తిగా పోగొట్టుకున్నారు. ఇళ్ళలో పొయ్యిలు తిరగబడి, కూలిన చెక్క ఇళ్ళు అంటుకున్నాయి. మరుసటి రోజు పెద్ద మంచు తుపాను వచ్చి శిథిలాల కింద ఉన్నవాళ్ళను వెతకడం కూడా కష్టమైపోయింది. 1,600కు పైగా ఇళ్ళు నాశనమయ్యాయి, 12,000 దాకా దెబ్బతిన్నాయి.

ఇంత జరిగాక ఊరికి ఒక నేరస్థుడు కావాలి. మొదట జర్మన్ కుట్ర అన్నారు. నగరంలో జర్మన్ పేరున్నవాళ్ళను పట్టుకున్నారు. అది నిలబడకపోయేసరికి చూపు ఫ్రెంచివాళ్ళ మీదికి మళ్ళింది. ఓడను వదిలి పారిపోయారు, బతికారు, తెల్లమొహాలు వేసుకుని కోర్టుకొచ్చారు. డిసెంబర్ 13న, ఊరు ఇంకా శవాలను పూడ్చుకుంటుండగానే, జస్టిస్ ఆర్థర్ డ్రైస్‌డేల్ ఆధ్వర్యంలో విచారణ మొదలైంది. ఇమో వైపు చెప్పాల్సిన కెప్టెన్, పైలట్ ఇద్దరూ చనిపోయారు. మాంట్ బ్లాంక్ వైపు ఇద్దరూ బతికే ఉన్నారు, కాబట్టి ప్రశ్నలన్నీ వాళ్ళకే. ఇమో యజమానుల తరఫు లాయరు మాకీని రోజుల తరబడి నిలదీశాడు. 1918 ఫిబ్రవరి 4న వచ్చిన నివేదిక తప్పు పూర్తిగా మాంట్ బ్లాంక్‌దే అంది. ల మెదెక్, మాకీ, రేవు రాకపోకలు చూసే నేవీ అధికారి ఎవాన్ వయట్, ఈ ముగ్గురి మీదా నరహత్య కేసు పెట్టారు.

ఆ నివేదికను కూతల లెక్కతో పక్కపక్కన పెట్టి చదివితే ఆశ్చర్యం వేస్తుంది. తన పక్కన తాను నెమ్మదిగా వస్తున్న ఓడకు మొత్తం తప్పు అంటగట్టి, వేగ పరిమితి మించి ఎదుటి పక్కన వస్తున్న ఓడను పూర్తిగా వదిలేశారు. మాకీ చివర్లో ఎడమకు తిప్పడం సరైనదా కాదా అన్నది వాదించదగ్గ విషయమే. కానీ అతన్ని ఆ చివరి క్షణానికి తెచ్చింది ఎవరు అన్న ప్రశ్న పక్కకు పోయింది. వయట్ సంగతి ఇంకా అన్యాయం. పైలట్లు తమ ఓడల కదలికలు చెప్పడం లేదని అతను అంతకుముందే పై అధికారులకు రాశాడు. పట్టించుకోని పై అధికారుల మీద కేసు లేదు.

కేసులు నిలబడలేదు. మాకీని జస్టిస్ బెంజమిన్ రస్సెల్ ఆధారాలు లేవని విడుదల చేశాడు. ల మెదెక్ మీద కూడా కేసు సాగలేదు. వయట్ ఒక్కడి కేసు విచారణకు వెళ్ళింది, జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. ఈ ప్రమాదానికి ఎవరికీ ఎప్పుడూ శిక్ష పడలేదు. రెండు ఓడల యజమానులూ ఒకరి మీద ఒకరు వేసుకున్న నష్టపరిహారం దావా కెనడా సుప్రీం కోర్టుకు, అక్కడి నుంచి అప్పట్లో కెనడా కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్ళింది. 1920లో ప్రివీ కౌన్సిల్ రెండు ఓడల తప్పూ సమానమే అంది. గుద్దుకోవడం వరకు ఆ తీర్పే న్యాయానికి దగ్గరగా ఉంది. కానీ అప్పటికి జనం మనసులో మొదటి నివేదిక స్థిరపడిపోయింది. మాకీ తన లైసెన్స్ తిరిగి తెచ్చుకోవడానికి ఏళ్ళ తరబడి తిరగాల్సి వచ్చింది. ల మెదెక్ అదే కంపెనీలో 1922 దాకా పనిచేశాడు, 1931లో ఫ్రాన్సు ప్రభుత్వం అతనికి లెజియన్ ద ఆనర్ అనే గౌరవ పురస్కారం ఇచ్చింది. ఇమోను లాగి బాగుచేసి గువెర్నోరెన్ అని పేరు మార్చి తిమింగలం నూనె మోయించారు. 1921లో ఫాక్లాండ్ దీవుల దగ్గర రాళ్ళకు తగిలి అది కూడా పోయింది.

ఏ కోర్టూ అడగని ప్రశ్న ఒకటి మిగిలింది. పేలుడు సరుకును నగరం మధ్య నుంచి పోనివ్వాలని ఎవరు నిర్ణయించారు? నిర్ణయించినవాళ్ళు అదే సమయంలో ఎదురు ఓడను ఎందుకు ఆపించలేదు? మాంట్ బ్లాంక్ దారిలో ఉన్నంతసేపు నారోస్‌లో ఇంకో ఓడ కదలకూడదు అన్న ఒక్క ఆదేశం సరిపోయేది. దానికి కొత్త పరికరం అక్కర్లేదు, ఖర్చు లేదు. ఇమో గంటసేపు ఆగితే చాలు. బెల్జియం సాయం ఇంకో గంట ఆలస్యమయ్యేది, అంతే. రెండు ఓడల మధ్య జరిగిన వివాదంగా చూసినంతకాలం ఈ ప్రశ్న పైకి రాదు. ఎందుకంటే ఆదేశం ఇవ్వాల్సినవాళ్ళు ఆ రెండు ఓడల్లో లేరు, తీరం మీద ఆఫీసుల్లో ఉన్నారు. సముద్ర చట్టం ఓడకు ఓడకు మధ్య తగువు తీర్చడానికి పుట్టింది. ఊరికి, ఓడకు మధ్య తగువు తీర్చడానికి కాదు.

మన దేశంలోనూ ఇలాంటిదే ఒకటి జరిగింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే సరుకు ఓడ పేలింది. అక్కడ ఓడలు గుద్దుకోలేదు, పత్తి బేళ్ళకు నిప్పంటుకుంది. కానీ అదే పద్ధతి. పేలుడు సరుకు, మండే సరుకు ఒకే ఓడలో, ఎర్ర జెండా లేదు, పక్కనే కిక్కిరిసిన పేటలు, ఏం ఉందో సరిగా తెలియకుండా మంట దగ్గరికి వెళ్ళి ప్రాణాలిచ్చిన ఫైర్‌మన్‌లు. హాలిఫాక్స్ జరిగి అప్పటికి 26 ఏళ్ళు.

హాలిఫాక్స్ మాత్రం మర్చిపోలేదు. పేలుడు బాధితుల కోసం 1918లో ఏర్పడిన రిలీఫ్ కమిషన్ 1976 దాకా పెన్షన్లు ఇస్తూనే ఉంది. కూలిన రిచ్‌మండ్‌లో నిప్పంటుకోని కాంక్రీటు దిమ్మెలతో హైడ్రోస్టోన్ అనే కొత్త పేట కట్టారు, ఆ ఇళ్ళలో ఇప్పటికీ జనం ఉంటున్నారు. 1945 జులై 18 సాయంత్రం బెడ్‌ఫర్డ్ బేసిన్ ఒడ్డున నేవీ మందుగుండు డిపోలో మందుగుండు బార్జి ఒకటి పేలి, మంటలు డిపోకు పాకాయి. అక్కడ ఉన్న పేలుడు పదార్థాలు మాంట్ బ్లాంక్ మోసినవాటికంటే ఎక్కువ. ఈసారి అధికారులు దాచలేదు. నగరం ఉత్తర భాగాన్ని ఖాళీ చేయమని చెప్పారు. జనం కిటికీలు తెరిచిపెట్టి, పిల్లలను తీసుకుని పార్కుల్లోకి, పొలాల్లోకి వెళ్ళిపోయారు. పేలుళ్ళు మరుసటి రోజు దాకా సాగాయి. చనిపోయింది ఒక్కడు, డిపోలో కాపలా ఉన్న మనిషి.